హారన్, పాటల బొత్తాలు, ఎర్ర లైటు: స్టీరింగ్‌లో క్లాక్ స్ప్రింగ్ మార్పించిన నా అనుభవం

మొదట హారన్ పోయింది. పూర్తిగా పోయినా బాగుండేది, అప్పుడప్పుడు పోవడం మొదలుపెట్టింది. 2024 డిసెంబరు రెండో వారంలో ఉప్పల్ దగ్గర కుడివైపు మలుపు తిరుగుతుంటే ఎదురుగా ఒక ఆటో అడ్డదారిలో వచ్చేసింది. స్టీరింగ్ మధ్యలో అరచేత్తో అదిమాను. చప్పుడే లేదు. ఆటోవాలా దయతలచి పక్కకు తప్పుకున్నాడు. రోడ్డు తిన్నగా అయ్యాక అనుమానంతో మళ్లీ నొక్కితే చెవులు చిల్లులు పడేలా మోగింది. ముందు స్కూటరు మీద వెళ్తున్న పెద్దాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు చెప్పనలవి కాదు.

మా కారు 2015 మోడల్ హ్యాచ్‌బ్యాక్. ఇంటి దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించాను. ఫ్యూజు చూశాడు, బాగుంది. బ్యాటరీ నుంచి ఒక తీగ నేరుగా హారన్లకు తగిలించాడు, రెండూ మోగాయి. "హారన్లు బాగానే ఉన్నాయి మేడమ్, రిలే మార్చేద్దాం" అని రిలే, అంటే హారన్లకు కరెంటు కలిపే చిన్న స్విచ్చి పెట్టె, మార్చి, బొత్తం నొక్కి వినిపించాడు. రిలేకు, పనికి కలిపి 330 రూపాయలు తీసుకున్నాడు. అతని తప్పేమీ లేదు. కారు షెడ్డు ముందు నిలబెట్టినప్పుడు చక్రాలు తిన్నగా ఉన్నాయి, అందుకే మోగింది. ఇంటికి వస్తూ మా వీధి మలుపులో నొక్కాను. మళ్లీ మూగనోము.

ఆ తర్వాత వారం దాటకముందే ఇంకో వింత. స్టీరింగ్ మీద పాటల బొత్తాలు ఉంటాయి కదా, శబ్దం పెంచే బొత్తం నొక్కితే పాట మారిపోతోంది. పాట మార్చే బొత్తం నొక్కితే ఏమీ జరగడం లేదు. ఈ పాటికి మ్యూజిక్ సిస్టమ్ పాతబడిపోయిందని తేల్చేసుకుని, బొత్తాలు వదిలేసి తెర మీదే నొక్కుకోవడం అలవాటు చేసుకున్నాను. హారన్‌కూ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికైనా ఎందుకు తోస్తుంది? స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల ఏదో గరగరమనడం కూడా అప్పటికే మొదలైంది. కిటికీలు మూసి, పాటలు ఆపితే తప్ప వినపడేది కాదు.

జనవరి 6, సోమవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరి కారు తిప్పగానే మీటర్ల మధ్య ఎర్ర లైటు వెలిగింది. కూర్చున్న మనిషి, అతని ముందు ఒక గుండ్రని బుడగ బొమ్మ. ఎయిర్‌బ్యాగ్ లైటు. మామూలుగా తాళం తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరలేదు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. మేము కారు కొన్నప్పుడు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరి కాదు. ఆ నిబంధన 2019 జులై 1 నుంచి గానీ రాలేదు. ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న రకం కావాలని పట్టుబట్టి, ఇంట్లో అందరితో వాదించి, ఎక్కువ డబ్బు పోసి కొన్నాం. ఆ డబ్బు దేనికి పోశామో అదే ఇప్పుడు పనిచేస్తుందో లేదో తెలియని పరిస్థితి. పైగా శనివారం అమ్మను తీసుకుని పండక్కి తెనాలి వెళ్లాలి.

బుధవారం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వంతు దొరికింది. ఉదయం తొమ్మిదికి ఇస్తే మధ్యాహ్నం రెండింటికి స్కానర్ పెట్టారు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిరోధం (కరెంటుకు తగిలే అడ్డు) ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని వచ్చింది. స్కాన్‌కు 650. ఆ తర్వాత సలహాదారు ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఎయిర్‌బ్యాగ్ మార్పు, స్టీరింగ్ కింది కాడల (ఇండికేటర్, వైపర్) స్విచ్చి మొత్తం మార్పు, హారన్ జత. కూలీ, పన్ను కలిపి 31 వేల పైచిలుకు. విడిభాగాల మీద అప్పటికి జీఎస్టీ 28 శాతం ఉండేది.

"హారన్లు నేరుగా తగిలిస్తే మోగుతున్నాయి కదా, అవెందుకు మార్చాలి?" అని అడిగాను.

"మీరే కదా మేడమ్ హారన్ మోగడం లేదని రాయించారు" అన్నాడు.

ఈ జవాబుకు నేనేమీ అనలేకపోయాను. నేను చెప్పిన మూడు ఫిర్యాదులకు మూడు సామాన్లు రాశారు, అంతే. మూడూ ఒకే చోట కలుస్తాయేమోనని ఎవరూ ఆలోచించలేదు. సామాను కూడా పండగ తర్వాతే వస్తుందట, పది పన్నెండు రోజులు. "అందాకా నడపొచ్చా?" అంటే "ఏం కాదు మేడమ్, కారు మామూలుగానే నడుస్తుంది" అన్నాడు. నడుస్తుంది, నిజమే. ఆ లైటు వెలిగి ఉన్నంతసేపూ ఢీకొన్నప్పుడు బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదు. కొన్ని కార్లలో ఒక్క సర్క్యూట్‌లో లోపం కనిపిస్తే పక్కసీటు బ్యాగుతో సహా మొత్తం వ్యవస్థ ఆగిపోతుంది. ఇది అతను చెప్పలేదు. కారు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

రైలు చూశాను. సంక్రాంతికి మూడు రోజుల ముందు హైదరాబాద్ నుంచి తెనాలికి రైలు టికెట్ గురించి తెలుగువాళ్లకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ప్రైవేటు బస్సుల రేట్లు చూసి ఫోను పక్కన పడేశాను.

హారన్ లేకుండా జాతీయ రహదారి ఎక్కడం మాత్రం కుదరదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం బండికి హారన్ ఉండి తీరాలి. రూలు సంగతి అలా ఉంచినా, జనవరి పొగమంచులో 65వ నంబరు రహదారి మీద అది లేకుండా వెళ్లే ధైర్యం నాకు లేదు. మళ్లీ మా ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్లాను. అతను ఇంటి గుమ్మానికి పెట్టే కాలింగ్ బెల్ గుండీ ఒకటి తెచ్చి గేర్ రాడ్డు పక్కన బిగించి, రిలే నుంచి తీగ లాగాడు. చాలా కార్లలో హారన్ బొత్తం చేసే పని ఒక్కటే, రిలేకు వెళ్లే సన్నని తీగను బాడీకి ఎర్త్ చేయడం. అసలు కరెంటు రిలే గుండా హారన్లకు పోతుంది. అందుకే ఇంత చిన్న గుండీ కూడా సరిపోయింది. 250 తీసుకున్నాడు. నొక్కితే ఎప్పుడు నొక్కినా మోగింది, ఎటు తిప్పినా మోగింది.

అంతటితో ఆగితే బాగుండేది. "ఆ ఎర్ర లైటు కూడా ఆపేయనా మేడమ్? రెండు ఓంల రెసిస్టర్ ఒకటి పెడితే చాలు, యాభై రూపాయల పని" అన్నాడు. బ్యాగును పేల్చే ఇగ్నైటర్ నిరోధం సుమారు రెండు ఓంలు ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్ అతి చిన్న కరెంటు పంపి దాన్నే చూసుకుంటుంది. బ్యాగుకు బదులు రెసిస్టర్ తగిలిస్తే అంతా బాగుందనుకుని లైటు ఆర్పేస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు ఆ పేలుడు కరెంటు రెసిస్టర్‌లోకి పోతుంది. బ్యాగు మడత విప్పకుండా అలాగే ఉంటుంది. వద్దని చెప్పాను. పాత కార్లు కొనేవాళ్లకు ఒక మాట: తాళం తిప్పగానే ఆ లైటు వెలిగి ఆరుతోందా లేదా చూడండి. అసలు వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేసి ఉండొచ్చు. వెలిగి ఆరినా రెసిస్టర్ లేదని చెప్పలేం, అది స్టీరింగ్ విప్పితే గానీ బయటపడదు.

శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరస చూసి అమ్మ విష్ణుసహస్రనామం రెండోసారి మొదలుపెట్టింది. నేను ఎడమచేత్తో గేర్ రాడ్డూ, గుండీ వెతుక్కుంటూ, అవసరమైన చోట హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పుతూ నడిపాను. వేగం ఎక్కడా ఎనభై దాటలేదు. అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టించాను. ఎందుకో చెప్పలేదు. సూర్యాపేటలో ఇడ్లీ తింటున్నప్పుడు "ముందు సీటు ఖాళీగా పెట్టుకుని నన్ను వెనక పడేశావేమిటే" అని అడిగేసింది. అప్పుడు చెప్పక తప్పలేదు. "ఇంకా నయం, ముందే చెప్తే నేను ఎక్కేదాన్ని కాదు" అంది.

పండగ మూడు రోజులూ కారు పక్కన పెట్టాం. ముక్కనుమ నాడు విజయవాడ ఆటోనగర్‌కు ఫోన్ చేస్తే షెడ్లు ఇంకా తెరవలేదన్నారు. మా బాబాయి లారీల వ్యాపారంలో ఉన్నప్పటి నుంచి ఎరిగిన ఒక మేస్త్రి అక్కడ కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తారు, అరవై దాటిన మనిషి. 17న, శుక్రవారం పదిన్నరకు ఆయన షెడ్డు ముందు కారు ఆపాను.

నేను మూడు ఫిర్యాదులూ చెప్పడం పూర్తి కాకముందే "హారన్ నొక్కిపట్టి స్టీరింగ్ నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమ్మా" అన్నారు. తిప్పాను. ఎడమవైపు మోగుతూ వచ్చి, మధ్య దాటాక తడబడి, కుడివైపు పూర్తిగా ఆగిపోయింది. తిప్పి వెనక్కి తెస్తే మళ్లీ అదే చోట మోగడం మొదలుపెట్టింది.

"క్లాక్ స్ప్రింగ్. ఇందులో ఇంకేమీ లేదు" అన్నారు. తిరిగే స్టీరింగ్‌కూ కదలని కారు తీగలకూ మధ్య కరెంటు అందించే చుట్ట రిబ్బను అది. సర్వీస్ సెంటర్ కాగితం చూపించాను. చదివి నవ్వి తిరిగి ఇచ్చేశారు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "ఈమధ్య స్టీరింగ్ కింది పని ఏమైనా చేయించారా?" చేయించాం. ఆగస్టులో గుంతలో పడి చప్పుడొస్తుంటే ఒక గ్యారేజీలో స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) దించి బాగుచేశారు. ర్యాక్ దించేటప్పుడు స్టీరింగ్ కింది జాయింటు విప్పుతారు. అప్పుడు స్టీరింగ్‌ను కట్టేయకుండా వదిలేస్తే ఎటైనా ఎన్ని చుట్లయినా తిరుగుతుంది, ఆపే చక్రాలు లేవు కాబట్టి. ఎవరో దాన్ని తిప్పి ఉంటారని, మళ్లీ బిగించేటప్పుడు మధ్యకు తెచ్చి ఉండరని ఆయన అంచనా. అప్పటి నుంచి కారును కుడికి పూర్తిగా తిప్పిన ప్రతిసారీ లోపలి రిబ్బను లాగబడుతూ వచ్చింది. నాలుగు నెలలు పట్టింది చిరగడానికి. ఆ గ్యారేజీ బిల్లు ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఏం లాభం?

సామాను దుకాణంలో కారు నంబరు బట్టి చూశారు. కంపెనీ జాబితాలో దీని పేరు కాంటాక్ట్ కాయిల్, అడిగేవాళ్లు రెండు పేర్లూ చెప్పండి. కాపీ సామాను 1,400కే చేతిలో ఉంది. అసలుది మర్నాడు వస్తుంది, పన్నుతో 5,900. మేస్త్రి నా మొహం చూసి "హారన్ ఒక్కటే అయితే కాపీ వేసేవాణ్ణి. దీని గుండానే బ్యాగుకు కరెంటు వెళ్తుంది" అని ఊరుకున్నారు. అసలుదే చెప్పి వెళ్లిపోయాను.

శనివారం పని. ఇది దగ్గరుండి చూడాల్సిన పని, చూసినందుకు నాకు సంతోషంగా ఉంది.

ముందు చక్రాలు తిన్నగా నిలిపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకు కట్టేశారు. విప్పగానే పని మొదలుపెడతారనుకున్నాను. టీ తెప్పించారు. ఢీకొన్న క్షణంలో బ్యాటరీ తీగ తెగిపోయినా బ్యాగు పేలాలని కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్లు కరెంటు దాచుకుని ఉంటాయి. అది దిగిపోయేదాకా ఆగాలి. "కంపెనీలు కొన్ని నిమిషాలు చాలంటాయి. నేను పావుగంట ఆగుతాను. నా మొహం నాకు కావాలి" అన్నారు. సహాయకుడైన కుర్రవాడు మల్టీమీటర్ పట్టుకుని వస్తే గద్దించి వెనక్కి పంపారు. మీటర్ పంపే చిన్న కరెంటు కూడా బ్యాగును పేల్చే ప్రమాదం ఉందట, బ్యాగు తీగల మీద దాన్ని ఎప్పుడూ పెట్టకూడదట.

స్టీరింగ్ వెనక రెండు రంధ్రాల్లోకి సన్నని కడ్డీ పెట్టి నొక్కితే బ్యాగు టక్కుమని ముందుకు వచ్చింది. వెనక పసుపుపచ్చ కనెక్టర్. ఎయిర్‌బ్యాగ్ తీగలకు పసుపు రంగే వాడతారు, పనిచేసేవాడికి దూరం నుంచే తెలియాలని. దాన్ని విడదీసి, బ్యాగును వెనక సీటు మీద మెత్తటి వైపు పైకి ఉండేలా పెట్టారు. బోర్లా పెడితే, పొరపాటున పేలినప్పుడు మొత్తం వస్తువే పైకి ఎగురుతుంది. మధ్య నట్టు కొంచెం వదులు చేసి, పూర్తిగా తీయకముందు స్టీరింగ్ మీదా ఇరుసు మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత గీశారు. నట్టు ఇరుసు చివర ఉండగానే స్టీరింగ్‌ను అటూ ఇటూ కదిలించి లాగారు. నట్టు ముందే తీసేస్తే స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి పళ్లు రాలగొడుతుందని ఆయన వాదన.

లోపల కాడల స్విచ్చికి ముందు నల్లటి ప్లాస్టిక్ బిళ్ల, అరచేయంత. అదే క్లాక్ స్ప్రింగ్. పాతదాన్ని నా ముందే విప్పి చూపించారు. దర్జీ టేపులా చుట్టిన పలచటి రిబ్బను. లోపలి చివర స్టీరింగ్‌తో తిరుగుతుంది, బయటి చివర కదలకుండా ఉంటుంది, మధ్యలో చుట్ట బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. మామూలు తీగ అయితే పది మలుపుల్లో మెలిపడి తెగేది. మా కారు స్టీరింగ్ ఒక చివరి నుంచి మరో చివరికి మూడున్నర చుట్లలోపే తిరుగుతుంది, రిబ్బనులో ఐదు చుట్ల దాకా సరిపడే పొడవు ఉంటుందట. మధ్యలో నిలిపి బిగిస్తే రెండువైపులా పుష్కలంగా మిగులుతుంది. మాది ఒక పక్కకు జరిగి ఉంది కాబట్టి లోపలి చివర దగ్గర రిబ్బను మడతపడి, ఆ మడత వెంట చిట్లింది. వేలితో కొంచెం వంచితే ప్లాస్టిక్ పొర మధ్య రాగి దారులు కనిపించాయి. ఒకటి పూర్తిగా తెగింది, పక్కది వెంట్రుకవాసి ఆధారంతో నిలబడి ఉంది. తెగినది హారన్‌ది, తిప్పినప్పుడల్లా కొసలు కలుస్తూ విడిపోతూ ఉండేవి.

పాటల బొత్తాల వింత కూడా అక్కడే విడిపోయింది. ఆ బొత్తాలన్నిటికీ కలిపి ఒకే తీగ. ఒక్కో బొత్తానికి ఒక్కో నిరోధం, మ్యూజిక్ సిస్టమ్ ఆ అంకెను బట్టి ఏది నొక్కారో పోల్చుకుంటుంది. సగం తెగిన దారి తన నిరోధాన్ని కూడా అందులో కలిపేసరికి ఒక బొత్తం లెక్క ఇంకో బొత్తం లెక్కలా కనిపించింది. బ్యాగు సర్క్యూట్‌లో నిరోధం ఎక్కువని స్కానర్ చెప్పిందీ ఇలాంటి చిట్లిన దారి గురించే.

కొత్తది మధ్యలో నిలిపి, కదలకుండా తాళం పిన్నుతో వస్తుంది. బిగించేదాకా ఆ పిన్ను తీయకూడదు. తీసి ఎవరైనా తిప్పేస్తే మళ్లీ ఒక చివరిదాకా మెల్లగా తిప్పి, లెక్కపెట్టి సగం వెనక్కి వచ్చి, బాణం గుర్తులు ఎదురెదురుగా నిలపాలి. బిగించాక ఇండికేటర్ కాడను రెండువైపులా వేసి స్టీరింగ్ తిప్పి చూశారు, దానంతట అది వెనక్కి వస్తోందా అని. దాన్ని వెనక్కి తోసే చిన్న కొమ్ము మా కారులో ఈ బిళ్ల వెనకే ఉంది.

బ్యాటరీ తగిలించారు. హారన్ అన్నివైపులా మోగింది. పాటల బొత్తాలు బుద్ధిగా పనిచేశాయి. ఎర్ర లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. నా గుండె జారిపోయింది. మేస్త్రి ఏమాత్రం కంగారుపడలేదు. చాలా కార్లలో లోపం పోయినా దాని జ్ఞాపకం కంట్రోల్ యూనిట్‌లో ఉండిపోతుంది, స్కానర్‌తో చెరిపితేనే లైటు ఆరుతుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు దొరికే బ్లూటూత్ పరికరం నా దగ్గర ఉంది గానీ అది ఇంజిన్ లోపాలే చదివింది, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను గుర్తించనే లేదు. రెండు వీధుల అవతల పెద్ద స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లాం. అక్కడ గంటన్నర వరస. చెరపడం నిమిషం పని, 500. తాళం తిప్పితే లైటు వెలిగింది. లోపల అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఆరేడు సెకన్లకు ఆరిపోయింది. స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి మళ్లీ చూశాం, రాలేదు.

మేస్త్రి కూలీ వెయ్యి. గుండీ తీగ విప్పినందుకు ఏమీ తీసుకోలేదు. పాత సామాను అడిగి తెచ్చుకున్నాను. స్టీరింగ్ కోణం కొలిచే సెన్సర్ ఉన్న కార్లలో ఈ పని అయ్యాక దాన్ని కూడా స్కానర్‌తో సరిచేయాలట, మాకు ఆ అవసరం రాలేదు.

తెనాలి దారిలో రెండు చిన్న చికాకులు. గడియారం పన్నెండు దగ్గర ఆగి ఉంది. డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేసింది. బ్యాటరీ విప్పితే అద్దం తన హద్దులు మరిచిపోతుంది. స్విచ్చిని లాగిపట్టి, అద్దం పూర్తిగా మూసుకున్నాక ఇంకో రెండు మూడు సెకన్లు అలాగే ఉంచితే మళ్లీ నేర్చుకుంది. ఇది తెలియక చాలామంది అద్దం మోటారు చెడిందనుకుంటారు.

ఆదివారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని హైదరాబాద్ తిరిగి వచ్చాం. ఆ నెలాఖరులో సర్వీస్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎయిర్‌బ్యాగ్ తెప్పించాలంటే సగం డబ్బు ముందు కట్టాలన్నారు. పని అయిపోయిందని చెప్పాను. "ఏం మార్చారు మేడమ్?" అని అడిగాడు ఆ సలహాదారు. చెప్పాను. కాసేపు ఆగి, "అవును మేడమ్, అది కూడా అయ్యుండొచ్చు" అన్నాడు.